పైపులైను పని ముగిశాక మిగిలిన ప్లాస్టిక్ వెల్డింగు మిషన్లు: వేరే పనులకు ఎలా వాడుకోవాలి

ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం వైపు నుంచి తరచూ వచ్చే ప్రశ్న ఒకటే. ఇంటింటి కుళాయి పైపులైను పని అయిపోయింది, కాంట్రాక్టరు పెద్ద సామాను లారీ ఎక్కించుకుపోయాడు, కూలి బాకీ కింద ఒక మిషన్ వదిలేశాడు. లేదా ఫ్యాక్టరీ స్టోరు వేలంలో నాలుగైదు పెట్టెలు చవగ్గా దొరికాయి. ఇప్పుడు వీటితో ఏం చేయాలి?

పాత ఇనుము కొట్టుకు కిలోల లెక్కన మాత్రం ఇచ్చేయకండి. మన ఊళ్లలో పగిలిన నీళ్ల ట్యాంకులు, గెడ్డ (కొండవాగు) నుంచి పొలానికి తెచ్చుకునే పైపులు, చేపల గుంటలు, చిరిగిన బరకాలు ఉన్నంతకాలం వీటికి పని దొరుకుతుంది. కాకపోతే 110 మి.మీ. పైపుల కోసం తయారైన మిషన్‌తో కుర్చీ కాలు అతికించలేం. ఏ పెట్టె ఏ పనికి పనికొస్తుందో ముందు తేల్చుకోవాలి. మిషన్ ఇచ్చినవాళ్ల దగ్గర సంతకం చేసిన అప్పగింత కాగితం కూడా తీసుకోండి. రేపు ఎవరైనా వచ్చి ఇది మాదేనంటే చూపించడానికి అదొక్కటే ఆధారం.

పెట్టెలో ఉన్నది ఏది?

పైపును పట్టుకునే ఇనుప క్లాంపులు, నల్లని టెఫ్లాన్ పూతతో గుండ్రని ప్లేటు, అంచు చెక్కే ట్రిమ్మరు, నూనె పంపు ఉంటే అది బట్ వెల్డింగు మిషన్. హెచ్‌డీపీఈ (గట్టి రకం పాలిథీన్) పైపు కొసను కొసతో అతికిస్తుంది.

హెయిర్ డ్రయ్యరులా ఉండి ముక్కులోంచి వేడిగాలి వచ్చేది హాట్ ఎయిర్ గన్ను. ఎక్కువ పని ఇచ్చేది ఇదే. దొరికినవాటిలో ఒక్కటే ఉంచుకోగలిగితే దీన్నే ఉంచుకోండి.

గన్నుకు డ్రిల్లు మోటారు తగిలించినట్టుండి, ప్లాస్టిక్ రాడ్‌ను లోపలికి లాక్కుని కరిగించి బయటికి నెట్టేది ఎక్స్‌ట్రూడరు. మందపాటి షీట్లకు, పెద్ద ట్యాంకులకు వాడతారు. ఇది పూర్తిగా వేడెక్కకముందే మోటారు నొక్కితే లోపలి స్క్రూ విరుగుతుంది. కనీసం పావుగంట ఆగండి.

చిన్న చక్రాలతో నడుస్తూ రెండు షీట్ల మధ్య వేడి నాలుకను పోనిచ్చేది వెడ్జ్ మిషన్. చెరువు లైనింగు దీని పని.

స్క్రీను, బార్‌కోడ్ చదివే పెన్ను, రెండు లావుపాటి వైర్లు ఉన్న పెట్టె ఎలక్ట్రోఫ్యూజన్ మిషన్. ప్రతి జాయింటుకూ లోపల తీగ చుట్టిన ప్రత్యేకమైన ఫిట్టింగు కొనాలి కాబట్టి చిల్లర పనులకు గిట్టదు. పైపులైను పనులు చేసే మరో కాంట్రాక్టరుకు అద్దెకివ్వడమో అమ్మేయడమో మేలు.

దగ్గర ఉంచుకోవాల్సినవి

- తాకించి చూసే డిజిటల్ థర్మామీటరు, 350 డిగ్రీల వరకు చదవగలిగేది
- వోల్టేజీ చూడటానికి మల్టీమీటరు
- 2.5 చదరపు మి.మీ. రాగి వైరుతో ఎక్స్‌టెన్షన్, ఎర్త్ పిన్నుతో సహా
- చెక్కడానికి పదునైన స్క్రేపరు, వి ఆకారపు గాడి కోయడానికి కత్తి లేదా రౌటరు
- ఐసోప్రొపైల్ ఆల్కహాలు, నూగు రాలని తెల్ల నూలుగుడ్డ
- 3, 4 మి.మీ. రాడ్లు. ఎల్‌ఎల్‌డీపీఈ (సాగే రకం పాలిథీన్), హెచ్‌డీపీఈ, పీపీ (పాలిప్రొపిలీన్) వేటికవి, పేరు రాసిన వేర్వేరు సంచుల్లో
- తోలు చేతి తొడుగులు, కంటి అద్దాలు
- వంటింటి కాటా ఒకటి (ఎందుకో కింద తెలుస్తుంది)
- పరీక్షకు పనికొచ్చే తుక్కు ముక్కలు. వీటిని ఎప్పుడూ పారేయకండి

మిషన్‌ను పనికి సిద్ధం చేయడం

1. కరెంటు పెట్టకముందే వైరును కొస నుంచి కొస దాకా చేత్తో తడిమి చూడండి. గోదాములో పడున్న వైర్లను ఎలుకలు కొరికి ఉంటాయి. ఎర్త్ తెగి ఉంటే ముందు అది బాగుచేయాలి. ఇనుప ఒళ్లున్న మిషన్‌ను తడినేల మీద ఎర్త్ లేకుండా నడిపితే ప్రాణం పోతుంది.

2. గన్నును ముందు చల్లగాలి మీద రెండు నిమిషాలు తిప్పండి, లోపలి దుమ్ము, బూజు ఎగిరిపోతాయి. తర్వాతే వేడి పెంచండి. ఆపేటప్పుడు నాబ్‌ను సున్నాకు తెచ్చి, ముక్కు చల్లబడే దాకా గాలి ఆడనిచ్చి, ఆ తర్వాత స్విచ్ ఆపండి. వేడి మీదే ప్లగ్గు పీకేయడం వల్లే ఎక్కువ గన్నుల ఎలిమెంట్లు కాలిపోతున్నాయి. పని మధ్యలో కరెంటు పోయినా జరిగేది అదే. కోతలు ఎక్కువున్న ఊళ్లో ఒక ఎలిమెంటు అదనంగా ఉంచుకోండి.

3. వోల్టేజీని ఖాళీగా ఉన్నప్పుడు కాదు, గన్ను పూర్తి వేడి మీద నడుస్తుండగా కొలవండి. 230 వోల్టులకు తయారైన 1600 వాట్ల గన్నుకు 180 వోల్టులే అందితే వేడి వోల్టేజీ వర్గం లెక్కన పడిపోతుంది, చేతికందేది వెయ్యి వాట్ల లోపే. నాబ్ మీద 300 అని ఉన్నా ముక్కు దగ్గర అంత ఉండదు. కొండ ఊళ్లలో సాయంత్రం పూట వేసిన అతుకులు ఊడిపోవడానికి తరచూ కారణం ఇదే, వెల్డరు చేతిది కాదు తప్పు. పొద్దున పూట పని పెట్టుకోండి, లేదా కనీసం 3 కేవీఏ జనరేటరు తీసుకెళ్లండి. ఎక్స్‌టెన్షన్ చుట్టను పూర్తిగా విప్పి పరవండి. చుట్టగా ఉంచితే అది వేడెక్కి కరుగుతుంది.

4. గన్ను వేడిని ముక్కు లోపల 5 మి.మీ. లోతున థర్మామీటరు కొస పెట్టి చూడండి. నాబ్ అంకెకూ అసలు వేడికీ ఉన్న తేడాను గన్ను మీదే మార్కరుతో రాసిపెట్టండి.

5. బట్ మిషన్ ప్లేటును 220 డిగ్రీలకు పెట్టి, అరగంట ఆగి, ఒక్కో ముఖం మీద నాలుగు చోట్ల కొలవండి. చోటుకూ చోటుకూ పది డిగ్రీల కంటే ఎక్కువ తేడా ఉంటే లోపలి హీటరులో ఒక భాగం పోయినట్టే. టెఫ్లాన్ పూతను చాకుతో గీకకండి. వెచ్చగా ఉండగా చెక్కపుల్లతో, గుడ్డతో తుడవండి. పూత లేచిపోయిన చోట ప్లాస్టిక్ అంటుకుని జాయింటు చెడుతుంది. మళ్లీ పూత వేయించేదాకా ఆ ప్లేటు వాడకండి.

6. నూనె పంపుకు ఒత్తిడి ఇచ్చి వదిలేసి, అయిదు నిమిషాల తర్వాత ముల్లు చూడండి. దిగుతుంటే సీళ్లు ఎండిపోయాయి. ఏళ్ల తరబడి పడున్న మిషన్‌లో నూనె, సీళ్లు రెండూ మార్చాల్సి రావడం మామూలే.

ఇది ఏ ప్లాస్టిక్?

ఏ జాతి ప్లాస్టిక్‌ను ఆ జాతి రాడ్‌తోనే అతకాలి. పాలిథీన్‌ను పాలిప్రొపిలీన్‌తో ఎంత వేడి పెట్టి అతికించినా చల్లారాక గోరుతో లేపితే లేస్తుంది.

ముందు అడుగున గుర్తు వెతకండి. త్రికోణంలో 2 ఉంటే హెచ్‌డీపీఈ, 4 ఉంటే ఎల్‌డీపీఈ (మెత్తటి పాలిథీన్), 5 ఉంటే పీపీ. గుర్తు లేకపోతే చిన్న ముక్క కోసి నీళ్లలో వేయండి. పాలిథీన్, పీపీ తేలతాయి. పీవీసీ, ఏబీఎస్ అనే గట్టి ప్లాస్టిక్ మునుగుతాయి. తేలిన ముక్క అంచు వెలిగించి ఆర్పితే కొవ్వొత్తి ఆర్పిన వాసన వచ్చేది పాలిథీన్. మునిగిన ముక్కకు ఎర్రగా కాల్చిన రాగి తీగ తాకించి, ఆ తీగను మళ్లీ మంటలో పెట్టండి. మంట ఆకుపచ్చగా మారితే పీవీసీ. ఈ పరీక్షలు ఆరుబయట, గాలికి ఎదురుగా కాకుండా, గోరంత ముక్కతోనే చేయండి. పీవీసీ పొగలో ఆమ్లం ఉంటుంది, గుడ్డ మాస్కు దాన్ని ఆపలేదు.

ముక్కు దగ్గర గాలి వేడి సుమారుగా ఇలా ఉండాలి: ఎల్‌డీపీఈ, ఎల్‌ఎల్‌డీపీఈకి 270, హెచ్‌డీపీఈకి 300, పీపీకి 305 నుంచి 315, గట్టి పీవీసీకి 330 పైన, ఏబీఎస్‌కు 350. ఇది మొదలుపెట్టడానికి మాత్రమే. చివరి మాట తుక్కు ముక్క మీద చేసిన పరీక్షదే.

ఫైబరు ట్యాంకులు, గట్టి బేకలైటు సామాన్లు కరగవు. వాటి జోలికి పోకండి.

పగిలిన నీళ్ల ట్యాంకు (హాట్ ఎయిర్ గన్నుతో)

మేడ మీది నల్ల ట్యాంకులు దాదాపు అన్నీ ఎల్‌ఎల్‌డీపీఈవి. గాలివానకు పడినవి, ఎండకు పగిలినవి ప్రతి వీధిలో కనిపిస్తాయి. ముందు బాగుచేయదగ్గదో కాదో చూడండి. ట్యాంకు ఒంటిని గోరుతో గట్టిగా గీస్తే తెల్లటి పొడి రాలి, పగులు చుట్టూ వెంట్రుకల్లాంటి గీతలు కనిపిస్తే ఆ ప్లాస్టిక్ ఎండకు చచ్చిపోయింది. అక్కడ అతికిస్తే పక్కనే పగులుతుంది. ఆ మాట యజమానికి చెప్పేసి కూలి వదులుకోండి.

ఇంకొకటి, అది పగిలిందెందుకు? 1000 లీటర్ల ట్యాంకు నిండితే టన్ను బరువు. దిమ్మె అంచు దాటి ట్యాంకు బయటికి వచ్చినా, అడుగున ఒక్క రాయి ఉన్నా అడుగుభాగం వంగి వంగి పగులుతుంది. దిమ్మె సరిచేయకుండా అతుకు వేస్తే నెల తిరక్కుండా మళ్లీ పిలుస్తారు, తప్పు మీదంటారు.

1. నీళ్లు తీసి, కడిగి, పూర్తిగా ఆరనివ్వండి. పగులులో తడి ఉంటే వేడికి ఆవిరై అతుకులో బుడగలు పడతాయి. వానాకాలంలో గన్నును దూరం నుంచి తక్కువ వేడి మీద ఆడించి ఆరబెట్టండి.

2. పగులు రెండు కొసల్లో 4 మి.మీ. బెజ్జం వేయండి. ఇది మానేస్తే పగులు అతుకును దాటి ముందుకు పాకుతుంది. కొస ఎక్కడో కంటికి ఆనకపోతే కాస్త మసి రుద్ది తుడవండి, గీత నల్లగా తేలుతుంది.

3. పగులు వెంట 60 డిగ్రీల వి గాడి కోయండి. లోతు గోడ మందంలో మూడింట రెండొంతులు. లోపలికి దిగగలిగితే రెండు వైపులా కోసి రెండు వైపులా అతకడం మంచిది. అలాంటప్పుడు బయట ఒక మనిషి తప్పకుండా ఉండాలి, మూత తీసి ఉండాలి. కొన్ని ట్యాంకుల నడిమి పొర నురగ ప్లాస్టిక్. అది సరిగా అతకదు, బయటి పొర మీదే ఆధారపడాలి.

4. గాడి చుట్టూ రెండు సెం.మీ. వెడల్పున పై పొరను చెక్కేయండి. కొత్త ప్లాస్టిక్ నిగనిగలాడుతూ కనిపించాలి. ఆల్కహాలుతో తుడిచాక వేలు పెట్టకండి. ఎండ తగిలి పాతబడిన పొర మీద వేసిన అతుకు చూడటానికి అందంగా ఉంటుంది, నీళ్లు పోయగానే జారిపోతుంది.

5. రాడ్‌ను కూడా చెక్కండి, అది కూడా పాతబడుతుంది. ఎల్‌ఎల్‌డీపీఈ రాడ్ దొరక్కపోతే అదే రకం పాత ట్యాంకు నుంచి 4 మి.మీ. వెడల్పు పట్టీలు కోసుకోండి. పైపు తుక్కు నుంచి చేసిన హెచ్‌డీపీఈ రాడ్ దీనికి వాడకండి. అది గట్టిగా ముడుచుకుని అంచులను లాగుతుంది.

6. తుక్కు ముక్క మీద పది సెం.మీ. అతికి, పూర్తిగా చల్లారాక రాడ్‌ను పకారుతో పట్టి పైకి లాగండి. రాడ్ తెగాలి, లేదా కింది ప్లాస్టిక్‌ను చీల్చుకుని రావాలి. శుభ్రంగా ఊడి వస్తే వేడి చాలలేదు. పది డిగ్రీలు పెంచి మళ్లీ చేయండి. ఈ పరీక్ష నెగ్గేదాకా ట్యాంకు ముట్టుకోకండి.

7. రాడ్‌ను నిలువుగా పట్టుకుని, గన్నును 45 డిగ్రీల్లో ఉంచి, రాడ్ మీదికీ గాడిలోకీ ఊపుతూ వెళ్లండి. గాడి మందమైనది కాబట్టి వేడిలో పెద్ద వాటా దానికి అందాలి. నిమిషానికి 10 నుంచి 15 సెం.మీ. దాటి పోవద్దు. రాడ్‌ను తనలోంచి పోనిచ్చే స్పీడు నాజిల్ ఉంటే 30 నుంచి 50 వరకు పోవచ్చు. 3 మి.మీ. రాడ్ మీద కిలో నుంచి కిలోన్నర, 4 మి.మీ. రాడ్ మీద రెండున్నర నుంచి మూడున్నర కిలోల బరువు పడాలి. ఇది మాటలతో అర్థం కాదు. వంటింటి కాటా మీద రాడ్ నొక్కి చూస్తే అరగంటలో చేతికి పట్టుబడుతుంది.

8. రాడ్ రెండు పక్కలా సన్నని మెరుపు గీత, చిన్న కట్టలా పొంగు వస్తుంటే వేడి సరిపోయింది. ఏ పొంగూ లేకుండా రాడ్ దారంలా పడుకుంటే వేడి తక్కువ. పొగ, గోధుమ రంగు, సాగి సన్నబడిన రాడ్ కనిపిస్తే ఎక్కువ. కాలిన చోటును కోసేసి మళ్లీ వేయాలి. దాని మీదే ఇంకో రాడ్ వేస్తే లోపం దాగుతుందే గాని పోదు.

9. గాడి నిండేదాకా వరసలు వేయండి. ఒక్కో వరసకు ముందు కింది వరసను చెక్కండి. తడిగుడ్డ వేసి, నీళ్లు చల్లి చల్లార్చకండి. గంటసేపు దానంతట అదే చల్లారాలి.

10. సగం నీళ్లు పోసి రెండు గంటలు, నిండుగా పోసి ఒక పగలూ ఒక రాత్రీ ఉంచండి. అతుకు కింద పొడి సున్నం రాసి ఉంచితే చుక్క కారినా మరక చెప్పేస్తుంది. ఆ తర్వాతే కూలి అడగండి.

అడుగుభాగంలో అరచేయి పొడవు దాటిన పగులుకు పూచీ ఇవ్వకండి.

ఇదే పద్ధతిలో హెచ్‌డీపీఈ కూరగాయల క్రేట్లు, నీలం డ్రమ్ములు, బండ్ల మడ్‌గార్డులు అతకవచ్చు. మడ్‌గార్డులు, బంపర్ల లోపలి వైపు ప్లాస్టిక్ పేరు అచ్చువేసి ఉంటుంది, రాడ్ దాన్ని బట్టే.

గెడ్డ నుంచి పొలానికి పైపు (బట్ మిషన్‌తో)

కొండ మీద ఊట ఉండి కింద పొలముంటే మోటారు అక్కర్లేదు. రాయగడ, కొరాపుట్ కొండల్లో ఇలా నీళ్లు దించుకునే ఊళ్లు ఎన్నో. పైపు ముక్కలు మిగిలి, బట్ మిషన్ చేతిలో ఉంటే చేయదగ్గ పనుల్లో ఇదే మంచిది.

మొదట ఎత్తు లెక్క. ప్రతి 10 మీటర్ల ఎత్తుకూ పైపులో ఒక బార్ ఒత్తిడి చేరుతుంది. పైపు మీద పీఎన్ 6 అని ఉంటే 60 మీటర్లు దాని హద్దు. ఊటకూ పొలానికీ అంతకంటే తేడా ఉంటే మధ్యలో ఒత్తిడి విరిచే చిన్న తొట్టి కట్టాలి, లేదా కింది భాగానికి పీఎన్ 10 పైపు వేయాలి. పాత ముక్కలతో వేసేటప్పుడు హద్దులో సగం దాటనివ్వకపోవడం మేలు. నీటి పైపు నల్లగా ఉండి నీలం గీతలుంటాయి, మీద ఐఎస్ 4984 అని, పీఈ 80 లేదా పీఈ 100 అని, వ్యాసం, ఒత్తిడి అచ్చువేసి ఉంటాయి. అచ్చు చెరిగిపోయిన ముక్కను ఒత్తిడి ఉన్న చోట వాడకండి. గోడ మందాలు వేరైన రెండు పైపులను కొసాకొసా అతకకండి.

110 మి.మీ. వ్యాసం, 6.6 మి.మీ. గోడ ఉన్న పైపును ఉదాహరణగా తీసుకుందాం.

1. ఒత్తిడి లెక్క: (వ్యాసం − మందం) × మందం × 3.14. అంటే 103.4 × 6.6 × 3.14, దాదాపు 2143 చదరపు మి.మీ. దాన్ని 0.15తో (చదరపు మి.మీ.కు పడాల్సిన ఒత్తిడి, న్యూటన్లలో) గుణిస్తే 321 న్యూటన్లు. మీ మిషన్ సిలిండర్ల మొత్తం వైశాల్యంతో భాగించండి, అది మిషన్ వివరాలు రాసిన రేకు మీద ఉంటుంది. 600 చదరపు మి.మీ. అయితే 0.54, అంటే 5.4 బార్.

2. దీనికి పైపును లాగడానికే పట్టే ఒత్తిడి కలపాలి. క్లాంపు మెల్లగా కదలడం మొదలైనప్పుడు ముల్లు ఎంత చూపుతుందో అదే. వాలు మీద పొడవైన పైపు ఉంటే ఇది చాలా పెరుగుతుంది, ప్రతి జాయింటుకూ మళ్లీ చూడాలి. ఇది కలపడం మరిచిపోవడమే బలహీనమైన జాయింట్లకు మొదటి కారణం. పైపు కింద రోలర్లో వెదురు ముక్కలో పెడితే తగ్గుతుంది.

3. రెండు కొసలను ట్రిమ్మరుతో చెక్కండి, రెండు వైపుల నుంచీ తెగని రిబ్బను రావాలి. కొసలు కలిపి చూస్తే సందు అర మి.మీ. దాటకూడదు. అంచుల ఎచ్చుతగ్గు గోడ మందంలో పదో వంతు లోపే ఉండాలి. చెక్కిన కొసను చేత్తో ముట్టుకోకండి.

4. పైపు అవతలి కొసలు మూసేయండి. కొండవాలులో పైపు పొగగొట్టంలా గాలి లాగి, ప్లేటు ఒక పక్క చల్లబడుతుంది. పైన బరకం కట్టి గాలినీ వాననూ ఆపండి.

5. 220 డిగ్రీల ప్లేటుకు కొసలను లెక్కవేసిన ఒత్తిడితో ఆనించి, చుట్టూ ఒక మి.మీ. ఎత్తు పొంగు వచ్చేదాకా ఉంచండి. వెంటనే ఒత్తిడిని దాదాపు సున్నాకు దించి, కొసలు ప్లేటును తాకుతూనే ఉండేలా 66 సెకన్లు ఆగండి. గోడ మందం మి.మీ.కు పది సెకన్ల లెక్క. ఈ దశలో ఒత్తిడి అలాగే ఉంచితే కరిగినదంతా బయటికి పోయి, చల్లని అంచులే అతుక్కుంటాయి.

6. ప్లేటు తీసి, ఆరు సెకన్ల లోపు కొసలు కలిపి, మెల్లగా పూర్తి ఒత్తిడికి తీసుకెళ్లండి. దబ్బున గుద్దకండి.

7. ఒత్తిడి మీదే పది నిమిషాలు. నీళ్లు పోయకండి, క్లాంపు విప్పకండి. తొందరలో అందరూ ఎగ్గొట్టేది ఈ పది నిమిషాలే. వాటిని తర్వాతి పైపు కొస శుభ్రం చేయడానికి వాడుకోండి.

చూడాల్సినవి: రెండు పొంగులూ గుండ్రంగా, ఒకే సైజులో, చుట్టూ ఒకేలా ఉండాలి. వాటి మధ్య లోయ పైపు ఒంటి కంటే పైనే ఉండాలి. పనిదినం మొదటి జాయింటును బలివ్వండి. దాన్ని కోసి, పాతిక మి.మీ. వెడల్పు పట్టీ తీసి, అతుకు దగ్గర పూర్తిగా వెనక్కి మడవండి. నెర్ర కనిపిస్తే ఆ రోజు పని మొదలుపెట్టకండి. కారణం వెతకండి.

పైపు పరిచేటప్పుడు తిన్నగా లాగి పెట్టకండి. 100 మీటర్ల హెచ్‌డీపీఈ పైపు 20 డిగ్రీల తేడాకు 30 నుంచి 40 సెం.మీ. సాగుతుంది, ముడుచుకుంటుంది. పాములా వదులుగా పరిచి, చివరి జాయింటు చల్లని పొద్దున వేయండి.

పొట్టి పైపు ముక్కలు

మీటరు, మీటరున్నర ముక్కలను గట్టు కింద తూములుగా వాడితే సిమెంటు గొట్టంలా పగలవు. ఇంకో మంచి పని తేలే చట్రం. చెరువులో మోటారు ఫూట్ వాల్వు (నీళ్లు పీల్చే గొట్టం కొసన ఉండేది) బురదలో కూరుకోకుండా ఇది పట్టుకుంటుంది.

పైన చెప్పిన 110 మి.మీ. పైపు మీటరుకు 9.5 లీటర్ల నీటిని పక్కకు నెడుతుంది, దాని బరువు సుమారు 2 కిలోలు. సగం మాత్రమే మునగాలనుకుంటే మీటరుకు 2.7 కిలోలు మోస్తుంది. మీటరున్నర ముక్కలు నాలుగు తీసుకుని, రెండు కొసలకూ రెడీమేడ్ ఎండ్ క్యాప్‌లు బట్ మిషన్‌తో వేసి చతురస్రంగా కడితే 16 కిలోలు. ఫూట్ వాల్వుకు, గొట్టానికి అది చాలు. వాల్వును నీటిమట్టానికి మూరెడు కింద వేలాడదీయండి.

లీకు చూడటానికి గాలి కొట్టకండి. ప్రతి ముక్కనూ తూచి, రాయి కట్టి ఒక రోజు నీళ్లలో ముంచి, తుడిచి మళ్లీ తూచండి. బరువు పెరిగితే నీరు దూరింది. కరెంటు మోటారును మాత్రం ఈ చట్రం మీద పెట్టకండి, మోటారు ఒడ్డునే ఉండాలి.

చేపల గుంట, బరకాలు (వెడ్జ్ మిషన్‌తో)

గుంటలకు ఎక్కువగా 500 మైక్రాన్ల షీటు వేస్తారు. గుంట అడుగున వేర్లు, రాళ్లు ఏరి, మెత్తటి మట్టి వేశాకే షీటు పరవాలి. ఒక షీటు మీద ఇంకోటి 10 నుంచి 15 సెం.మీ. ఎక్కేలా పెట్టి, ఒకదాని మీద ఒకటి ఎక్కిన అంచుల మధ్య తుడిచి మిషన్ నడపండి. ఎండ పెరిగేకొద్దీ షీటు వేడెక్కుతుంది. పొద్దున కుదిర్చిన వేగం మధ్యాహ్నానికి సరిపోదు. కాబట్టి పొద్దున, మధ్యాహ్నం విడివిడిగా మీటరు ముక్క అతికి, చల్లారాక రెండు చేతులతో విప్పండి. షీటు సాగి చిరగాలి గాని అతుకు విడిపోకూడదు. లామినేషన్ ఒకే వైపు ఉన్న నేత షీటు అయితే లామినేషన్ వైపులు ఎదురెదురుగా రావాలి.

అతుకు మధ్యలో గాలి సందు వదిలే రకం మిషన్ అయితే రెండు కొసలు మూసి, సూదితో గాలి నింపి, అయిదు నిమిషాలు ముల్లు చూడండి. ఒక మి.మీ. మందం షీటుకు సుమారు 2 బార్. పలచటి షీటుకు అంత పెట్టకండి, సందు చీలుతుంది. మూలల్లో, టీ ఆకారపు కలయికల్లో వెడ్జ్ మిషన్ పోదు. అక్కడ గన్నుతో, రబ్బరు రోలరుతో అతకాలి. గుంటలు కారేదీ ఆ మూలల్లోనే.

ధాన్యం ఆరబోసే బరకాల చిరుగులకు ఇదే గన్ను, వెడల్పు ముక్కు, రోలరు చాలు. అదే రకం బరకం ముక్కను లోపలి వైపు నుంచి వేయండి. కోతల ముందు నెలలో ఈ పని ఎక్కువ వస్తుంది.

ముట్టుకోకూడనివి

గ్యాసు పైపులు, అంటే పసుపు రంగువి, పసుపు లేదా నారింజ గీతలున్నవి. పెట్రోలు, థిన్నరు పట్టిన డ్రమ్ములు ఎన్నిసార్లు కడిగినా వద్దు. లోపల మిగిలిన ఆవిరికి నిప్పంటుకుంటుంది. పురుగుమందు డ్రమ్మును అతకగలిగినా తాగునీటికి, పశువుల తొట్టికి వాడకూడదు. ఊరి కుళాయి లైను పగిలితే గ్రామీణ నీటి సరఫరా శాఖ వాళ్ల అనుమతి లేకుండా చేయి పెట్టకండి.

కూలి, లెక్క పుస్తకం

పైపుకైతే జాయింటు లెక్కన, ట్యాంకుకైతే అతుకు పొడవు లెక్కన ధర చెప్పండి. చల్లారడానికి ఆగే సమయం, పరీక్షకు పోయే ముక్క, రానుపోను పెట్రోలు అందులో కలపండి. చాలామంది ఈ మూడూ వదిలేసి ధర చెప్పి, తర్వాత నష్టం పూడ్చుకోవడానికి చల్లారే సమయాన్ని కోసేస్తారు.

ఒక పుస్తకం పెట్టండి. ప్రతి పనికీ తేదీ, ప్లాస్టిక్ రకం, ఆ పూట వోల్టేజీ, ముక్కు లేదా ప్లేటు వేడి, ఆగిన సమయం రాయండి. ఆ రోజు విరిచి చూసిన నమూనా ముక్క మీద అదే తేదీ వేసి దారంతో గుచ్చి దాచండి. ఆరు నెలలకు అతుకు కారుతోందని కబురొస్తే ముందు ఆ ముక్క తీసి చూడండి, తర్వాత బండి ఎక్కండి.